‘స్ట్రీమ్’ వ్యాసం పంపిన యువ రచయితకు

ప్రియమైన మిత్రునికి,

‘స్ట్రీమ్’ అనే మాటకున్న అర్థాలపై మీరు పంపిన వ్యాసం చదివాను. వాగు, సముద్ర ప్రవాహం, జెట్ స్ట్రీమ్ (ఆకాశంలో చాలా ఎత్తున వేగంగా వీచే గాలి), రక్తప్రవాహం, చైతన్య స్రవంతి (మనసులో ఎడతెగకుండా సాగే ఆలోచనలు, ఇంగ్లిషులో ‘స్ట్రీమ్ ఆఫ్ కాన్షస్‌నెస్’), వీడియో స్ట్రీమింగ్ అంటూ అన్నింటినీ వరుసగా పేర్చారు. మీ భాష బాగుంది. అయితే వీడియో కూడా నీటిలాగే ఎడతెగకుండా పారుతుందని మీరు తేల్చేసిన చోట నాకు ఉండబట్టలేదు. ఈ ఉత్తరం అందుకే.

వీడియోను సాధారణంగా కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి సర్వర్‌లో ఉంచుతారు. మన ఫోను ఆ ముక్కలను ఒక్కొక్కటిగా అడిగి తెప్పించుకొని, కొన్నింటిని ముందుగానే బఫర్‌లో నిలవ చేసుకొని, వరుస తప్పకుండా చూపిస్తుంది. నెట్ నెమ్మదించి ఆ నిలవ కాస్తా అయిపోతే తెర మీద సున్నా గిర్రున తిరుగుతుంది. అతుకు బయటపడేది అప్పుడే.

ఇక చైతన్య స్రవంతి. 1890లో వెలువడిన తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్, చైతన్యాన్ని గొలుసుతోనో ఒకదాని వెంట ఒకటి నడిచే వరుసతోనో పోల్చడానికి ఒప్పుకోలేదు. అందులో అతుకులు లేవనీ, అది పారుతుందనీ, కనుక నది, ప్రవాహం అన్న పోలికలే దానికి సహజంగా నప్పుతాయనీ వాదించాడు. 1918లో ఇంగ్లిష్ రచయిత్రి మే సింక్లెయిర్, డొరొతీ రిచర్డ్‌సన్ నవలలను సమీక్షిస్తూ ఆ మాటను సాహిత్య విమర్శలోకి తెచ్చింది. జేమ్స్ ఏ అతుకులను కాదనడానికి ఈ మాటను ఎంచుకున్నాడో, ఆ అతుకులు కంటపడకుండా చేసే పనికి ఇవాళ అదే మాట పేరైంది. మీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంటే, మీరు దాని పక్కనుంచే నడిచి వెళ్లిపోయారు.

ఈ జాబితాల అలవాటు పత్రికలు నేర్పినదే. నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో అట్లాంటిక్ సముద్రంలో పారే గల్ఫ్ స్ట్రీమ్ అనే ప్రవాహం మీద ఒక వ్యాసం పంపాను. తిమింగలాలు ఆ ప్రవాహపు అంచుల వెంట తిరుగుతాయి కనుక వాటిని వేటాడే నావికులకు అది ఎక్కడెక్కడ పారుతుందో తెలిసిపోయిందనీ, తపాలా ఓడలు మాత్రం వాళ్ల మాట పెడచెవిన పెట్టి దానికి ఎదురెళ్లి ఆలస్యమయ్యేవనీ, ఆ నావికుల్లో ఒకడైన తన బంధువు తిమోతి ఫోల్జర్ చెప్పగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ దాని పటాన్ని అచ్చు వేయించాడనీ ఇష్టంగా రాశాను. సంపాదకుడు నావికులందరినీ కొట్టేసి, ప్రవాహపు వెడల్పునూ వేగాన్నీ ఒక పెట్టెలో అచ్చేశాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

వ్యాసం ఏ పత్రికకు పంపాలని అడిగారు, ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు జెట్ స్ట్రీమ్‌నూ రక్తప్రవాహాన్నీ తీసేసి, జేమ్స్‌ను వీడియోకు ఎదురుగా నిలబెట్టి మళ్లీ రాసి పంపండి.