పాఠకుల ప్రశ్నలు: ఎగుమతి లైసెన్సులకు లెక్క అడిగేదెవరు?

ప్రశ్న: ఆటోనగర్‌లో మాకు చిన్న వర్క్‌షాపు ఉంది. రసాయన పరిశ్రమలకు రియాక్టర్లు, వాల్వులు చేసి ఇస్తాము. నికెల్ మిశ్రమలోహంతో 500 లీటర్ల రియాక్టర్ కావాలని ఒక విదేశీ సంస్థ అడిగింది. ఇది స్కోమెట్ జాబితాలోకి (పౌర, సైనిక అవసరాలకు రెండింటికీ పనికివచ్చే వస్తువులు, ఆయుధ సామగ్రి ఉండే ఎగుమతి నియంత్రణ జాబితా) వస్తుందని, ఢిల్లీ అనుమతి లేనిదే పంపకూడదని మా ఆడిటరు గారు అంటున్నారు. ఆ అనుమతి ఇచ్చేవారు దేన్ని చూసి ఇస్తారు? ఇచ్చినవాటికి, నిరాకరించినవాటికి ఎవరికైనా లెక్క చెబుతారా?
– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ

జవాబు: మీ ఆడిటరు గారి మాట సరైనదే. 100 లీటర్లకు మించి 20,000 లీటర్లకు లోపు పరిమాణం ఉండి, రసాయనం తగిలే లోపలి తలం 40 శాతానికి మించి నికెల్ ఉన్న మిశ్రమలోహంతో చేసిన రియాక్టర్లు నియంత్రిత వస్తువులు. మామూలు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవి ఈ పద్దు కిందికి రావు. పురుగుమందు తయారీకి పనికివచ్చే పాత్రే విషవాయువు తయారీకీ పనికివస్తుంది కనుక, వస్తువు ఏమిటన్న దానితో పాటు అది ఎవరి చేతికి చేరుతుందన్నది కూడా చూస్తారు.

దరఖాస్తు వాణిజ్య మంత్రిత్వ శాఖ కింద ఉన్న డీజీఎఫ్‌టీకి, అంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్‌కు, ఆన్‌లైన్‌లో చేయాలి. దాన్ని వివిధ మంత్రిత్వ శాఖల ప్రతినిధులతో కూడిన ఒక కార్యబృందం పరిశీలిస్తుంది. విదేశాంగ, రక్షణ, అణుశక్తి, అంతరిక్ష శాఖల వారు అందులో ఉంటారు. ఆయుధ సామగ్రికి మాత్రం రక్షణ ఉత్పత్తుల శాఖ, అణు సంబంధ వస్తువులకు అణుశక్తి శాఖ అనుమతులు ఇస్తాయి. కొనేవాడి పూర్వాపరాలు, వస్తువును దేనికి వాడతాడన్న హామీపత్రం, మధ్యలో ఎన్ని చేతులు మారుతుంది, ఉగ్రవాదుల పాలయ్యే ప్రమాదం ఉందా, ఆ దేశంలో ఎగుమతులపై అదుపు ఎలా ఉంది అన్న ప్రమాణాలు విధివిధానాల పుస్తకంలో అచ్చయి ఉన్నాయి. ఇంతవరకు ఏదీ రహస్యం కాదు. 2016లో క్షిపణి సాంకేతికత నియంత్రణ బృందంలోను, 2017లో ఆయుధాల ఎగుమతులను నియంత్రించే వాసెనార్ ఒప్పందంలోను, 2018లో రసాయన, జీవ ఆయుధాలకు పనికివచ్చే వస్తువులను నియంత్రించే ఆస్ట్రేలియా గ్రూపులోను మన దేశం చేరింది. మన స్కోమెట్ జాబితా ఆ బృందాల జాబితాలకు అనుగుణంగానే ఉంటుంది.

మీ అసలు ప్రశ్న ఆ తరువాతి మెట్టు గురించి. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం కింద కేంద్రం చేసే నియమాలను, ఉత్తర్వులను ఉభయసభల ముందు ఉంచాలని 19వ సెక్షన్ చెబుతుంది. 2010లో ఆ చట్టానికి చేసిన సవరణతో నియంత్రిత వస్తువుల కోసం ఒక ప్రత్యేక అధ్యాయమే చేరింది. 2005లో సామూహిక విధ్వంసక ఆయుధాలకు సంబంధించిన చట్టం కూడా వచ్చింది. అయినా ఏ దేశానికి ఏ తరగతి వస్తువుకు ఎన్ని లైసెన్సులు ఇచ్చారు, ఎన్ని కాదన్నారు అనే లెక్కను ఏటా పార్లమెంటుకు సమర్పించి తీరాలన్న నిబంధన ఈ చట్టాలలో లేదు. అంటే నియమం సభ ముందుకు వస్తుంది, ఆ నియమాన్ని ఎలా అమలు చేశారన్నది మాత్రం ఎవరైనా అడిగితే తప్ప రాదు.

అడిగే దారులు ఉన్నాయి. ఎంపీలు ప్రశ్న వేయవచ్చు. లోక్‌సభలో అందుకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పార్లమెంటులోని వాణిజ్య, రక్షణ స్థాయీ సంఘాలు అధికారులను పిలిపించి అడగవచ్చు. కాగ్ తనిఖీ చేస్తే ఆ నివేదిక ప్రజాపద్దుల సంఘానికి వెళుతుంది. అయితే ఇవన్నీ ఎవరో ఒకరు పూనుకుంటేనే కదిలేవి. పైగా ఆయుధాల ఎగుమతి విషయంలో, వ్యూహాత్మక కారణాల వల్ల వివరాలు వెల్లడించలేమన్న జవాబు సభలో వినిపించడం కొత్త కాదు.

రక్షణ ఎగుమతుల సంగతే చూడండి. 2023-24లో అవి రూ.21,083 కోట్లని, 2024-25లో రూ.23,622 కోట్లని ప్రభుత్వమే ప్రకటించింది. ఇదే కాలంలో ఎగుమతి అనుమతులు 1,507 నుంచి 1,762కు పెరిగాయని కూడా చెప్పింది. మొత్తం ఎంతో రూపాయలతో సహా చెప్పగలిగినప్పుడు దాన్ని ప్రాంతాలవారీగా, వస్తు తరగతులవారీగా విడగొట్టి చెప్పడానికి, ఎన్ని దరఖాస్తులు తిరస్కరించారో చెప్పడానికి అడ్డేమిటో అర్థం కాదు. మీ కొనుగోలుదారు పేరు, మీరు కోట్ చేసిన ధర బయటపెట్టమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. పక్క షెడ్డువాడికి అవి తెలిస్తే మీ ఆర్డరు పోతుంది. తరగతులవారీ మొత్తాలకు ఆ చిక్కు లేదు. నా ఉద్దేశంలో వ్యాపార రహస్యం పేరిట ఈ రెండో రకం వివరాన్ని కూడా మూసి ఉంచడం సమంజసం కాదు. దానివల్ల నష్టపోయేది మీలాంటి చిన్న సంస్థలే, ఎందుకంటే ఎలాంటి దరఖాస్తులను ఎందుకు తోసిపుచ్చుతున్నారో తెలిస్తే మీరు ముందే జాగ్రత్తపడతారు.

ప్రశ్న: ఎగుమతి లైసెన్సుల విషయంలో బ్రిటన్, అమెరికా చట్టసభలకు నిజంగా అధికారం ఉందా? కోర్టులు ఏమంటున్నాయి?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బ్రిటన్ కథ లేత్ మిషన్లతో మొదలైంది కనుక ఆటోనగర్ పాఠకులకూ ఆసక్తి కలిగించవచ్చు. కొవెంట్రీ నగరంలోని మాట్రిక్స్ చర్చిల్ అనే సంస్థ ఇరాక్‌కు మెషీన్ టూల్స్ పంపింది. వాటిని ఆయుధాల తయారీకి వాడతారన్న సంగతి దాచి లైసెన్సులు పొందారంటూ ఆ సంస్థ అధికారులు ముగ్గురిపై కేసు పెట్టారు. 1992 నవంబరులో విచారణ మధ్యలోనే ఆ కేసు కుప్పకూలింది, ఎందుకంటే ఆ యంత్రాల అసలు ఉపయోగం ప్రభుత్వానికి ముందే తెలుసునని సాక్ష్యంలోనే తేలిపోయింది. తరువాత న్యాయమూర్తి స్కాట్ జరిపిన విచారణ నివేదిక 1996 ఫిబ్రవరిలో వచ్చింది. ఇరాక్‌కు ఎగుమతులపై 1985లో పార్లమెంటుకు చెప్పిన మార్గదర్శకాలను 1988 డిసెంబరులో మంత్రులు లోలోపల సడలించి, విధానం మారలేదని ఎంపీలకు చెబుతూ వచ్చారని అందులో బయటపడింది. ఆ నివేదికపై సభలో జరిగిన ఓటింగులో ప్రభుత్వం 320–319తో, అంటే ఒక్క ఓటుతో గట్టెక్కింది. యుద్ధకాలపు 1939 చట్టంతోనే అప్పటిదాకా నెట్టుకొచ్చిన ఆ దేశం 2002లో కొత్త ఎగుమతి నియంత్రణ చట్టం చేసుకుంది. ఇప్పుడు మంజూరైన, తిరస్కరించిన లైసెన్సుల లెక్కలు దేశాలవారీగా మూడు నెలలకోసారి వెలువడతాయి. అయినా అక్కడి ఎంపీలు లైసెన్సు ఇచ్చాక అడగగలరే గాని ఇవ్వకముందు ఆపలేరు.

అమెరికాలో ముందే ఆపే అధికారం కాగితం మీద ఉంది. 1976 నాటి ఆయుధ ఎగుమతి చట్టం ప్రకారం, ఒక పరిమితి దాటిన అమ్మకాలను కాంగ్రెస్‌కు ముందుగా తెలియజేయాలి. నాటో దేశాలకైతే 15 రోజులు, చాలా ఇతర దేశాలకైతే 30 రోజులు గడువు. కాని ఆ గడువులో అమ్మకాన్ని ఆపాలంటే ఉభయసభలు తీర్మానించడమే గాక అధ్యక్షుడి వీటోను కూడా దాటాలి. 2019లో సౌదీ అరేబియా, యూఏఈలకు అమ్మకాలను ఆపుతూ సభలు ఆమోదించిన తీర్మానాలు వీటోకు గురై వీగిపోయాయి. పౌర, సైనిక అవసరాలకు రెండింటికీ వాడదగిన వాణిజ్య వస్తువుల లైసెన్సు వివరాలనైతే 2018 నాటి చట్టం గోప్యంగానే ఉంచుతుంది. కనుక అమెరికాను ఆదర్శమనడానికి నేను వెనుకాడతాను.

ఇక కోర్టుల సంగతి. యెమెన్ యుద్ధంలో జరిగిన ఉల్లంఘనలను సరిగా అంచనా వేయకుండా సౌదీకి లైసెన్సులిచ్చారని 2019లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు తప్పుపట్టింది. అప్పటికే ప్రకటించి ఉన్న ప్రమాణాలు ఉన్నాయి కాబట్టే ఆ తీర్పు సాధ్యమైంది. మన దగ్గర ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులను ఆపాలన్న పిటిషన్‌ను 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. విదేశాంగ విధానం ప్రభుత్వ పరిధిలోనిదని, అందులో తాము జోక్యం చేసుకోలేమని చెప్పింది. కోర్టు తప్పుకున్న చోట అడగవలసిన బాధ్యత పార్లమెంటుదే అవుతుంది.

ప్రశ్న: ఈ విషయం వెలగపూడిలోని మన అసెంబ్లీలో అడగవచ్చా? మిరప తోటల్లో మందు కొట్టే డ్రోన్లకు కూడా ఇదంతా వర్తిస్తుందా? సామాన్యుడు సమాచార హక్కు (స.హ.) చట్టం కింద ఈ లెక్కలు అడగగలడా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అసెంబ్లీలో కుదరదు. ఎగుమతి దిగుమతులు కేంద్ర జాబితాలోని 41వ అంశం. 2024లో గెలిచిన గుంటూరు ఎంపీ కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. మంత్రులు సభలో జవాబులు చెబుతారే తప్ప ప్రశ్నలు వేయరు, స్థాయీ సంఘాల్లో సభ్యులుగానూ ఉండరు. కనుక మీరు విజ్ఞాపన ఇవ్వదలిస్తే ఏ రాజ్యసభ సభ్యునికో, పొరుగు నియోజకవర్గ ఎంపీకో ఇవ్వండి.

డ్రోన్లకు వర్తిస్తుంది. అయితే 25 కిలోమీటర్ల లోపు వెళ్లి, 25 కిలోల లోపు బరువు మోసే పౌర వినియోగ డ్రోన్లకు 2023 జూన్‌లో సాధారణ అనుమతి పద్ధతి వచ్చింది. ఒకసారి అనుమతి తీసుకుంటే మూడేళ్లపాటు ప్రతి సరుకుకూ విడిగా అడగనక్కరలేదు. వ్యాపారానికి ఇది మేలే. కాని ముందస్తు పరిశీలన తగ్గిన చోట, పంపిన తరువాత ఇచ్చే వివరాలను ఎవరో ఒకరు నిజంగా చదవాలి.

స.హ. దరఖాస్తు తప్పక వేయవచ్చు. చట్టం రెండో షెడ్యూలులో మినహాయించిన సంస్థలలో డీఆర్‌డీవో ఉంది గాని డీజీఎఫ్‌టీ లేదు. ఫలానా కంపెనీకి ఎందుకు ఇచ్చారని అడిగితే 8(1)(డి) కింద వ్యాపార గోప్యత అని, 8(1)(ఎ) కింద దేశ వ్యూహాత్మక ప్రయోజనాలని జవాబు రావచ్చు. అందుచేత ఫలానా ఆర్థిక సంవత్సరంలో వచ్చిన దరఖాస్తులు ఎన్ని, మంజూరైనవి, తిరస్కరించినవి, పెండింగులో ఉన్నవి ఎన్ని అని తరగతులవారీగా అడగండి. కొంత భాగం గోప్యమైనా మిగతాది ఇవ్వాలని 10వ సెక్షన్‌ను దరఖాస్తులోనే ఉదహరించండి. రుసుము రూ.10, గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆ తరువాత 90 రోజుల్లోగా కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు.