చెత్త ఏరడానికే టైమంతా పోతోందా?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నాన్నగారిది జీడిపిక్కల వ్యాపారం. మా ఎలక్ట్రానిక్ కాటా సెకనుకో వరస ఫైల్లో రాస్తుంది: బస్తా నంబరు, రైతు పేరు, ఊరు, టైము, బరువు. సీజనుకే పాతిక లక్షల వరసలు దాటాయి. జావాలో వరసకో ఆబ్జెక్ట్ చేసి లిస్టులో పెట్టి, చివర్లో బస్తావారీ తూకం తీస్తున్నాను. మొదట పరుగెత్తే ప్రోగ్రాం సగం దాటాక నత్తనడకే. ల్యాప్‌టాప్ ర్యామ్ 4 జీబీ. గార్బేజ్ కలెక్షన్ (పనికిరాని ఆబ్జెక్టుల్ని ఏరి మెమరీ ఖాళీ చేసే పని) వల్లేనని, లూపులో సిస్టమ్.జీసీ పిలవమని ఫ్రెండ్ చెప్పాడు. పిలిస్తే ఇంకా నెమ్మదైంది.

జవాబు: అమ్మా, మీ ఫ్రెండ్ జబ్బు సరిగ్గానే పట్టుకున్నాడు, మందే తప్పు.

ఆబ్జెక్టులు ఎక్కువ పుట్టడమే సమస్య అని చాలామంది అనుకుంటారు. పుట్టి వెంటనే పోయేవి జావాకి పెద్ద భారం కావు. చాలా ఆబ్జెక్టులు కాసేపటికే పనికిరాకుండా పోతాయని గమనించి, కొత్తవాటిని వేరేచోట ఉంచి తరచూ ఊడ్చే పద్ధతిని 1984లో డేవిడ్ ఉంగర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ప్రచురించాడు. జావాలో మామూలుగా ఈ చెత్త ఏరే కలెక్టర్లదీ ఆ దారే. బతికున్నవాటిని వెతికి పక్కకి తీస్తే మిగతా చోటంతా ఖాళీ. కాబట్టి కలెక్టర్ శ్రమ ముఖ్యంగా బతికున్నవాటిని బట్టే పెరుగుతుంది.

నీ లిస్టు ఒక్క వరసనీ వదలట్లేదు, అంటే అన్నీ బతికున్నట్టే. నువ్వేమీ చెప్పకపోతే జావా హీప్ (ఆబ్జెక్టులు ఉండే మెమరీ) గరిష్ఠం ర్యామ్‌లో నాలుగో వంతు, అంటే నీకు సుమారు 1 జీబీ. అది నిండేకొద్దీ కలెక్టర్ మళ్లీ మళ్లీ లేచి అవే లక్షల ఆబ్జెక్టుల్ని తడుముతుంది, దొరికే ఖాళీ మాత్రం పిసరంత. సిస్టమ్.జీసీ అంటే ఆ పనంతా అప్పటికప్పుడు చెయ్యమనడం. జావా 9 నుంచి మామూలుగా ఉండే జీ1 కలెక్టర్ అందుకోసం ప్రోగ్రాంనే ఆపేస్తుంది. లూపులో పెడితే ఇక చెప్పాలా! వెంటనే తీసెయ్.

ఒకసారి ‘-ఎక్స్‌లాగ్:జీసీ’ అనే ఆప్షన్ (కలెక్టర్ చేసే పనిని రాసి చూపించేది) పెట్టి నడిపి నీ కళ్లతో చూడు. ‘పాజ్ ఫుల్’ అని వరసగా వస్తూ, పక్కన 1010ఎం->1003ఎం లాంటి అంకెలు కనిపిస్తే నేను చెప్పిందే జరుగుతోంది. అంత ఆగి ఏడు ఎంబీ సంపాదించింది!

నీకు కావలసింది ఒక్కో బస్తా చివరి తూకమే కదా. బఫర్డ్ రీడర్‌తో ఒక్కో వరసా చదువు, హ్యాష్‌మ్యాప్‌లో (నంబరుకో విలువ దాచుకునే పట్టిక) ఆ బస్తా నంబరు దగ్గర బరువు మార్చు, వరసని వదిలెయ్. లిస్టే అక్కర్లేదు. రైతు పేరు కూడా ప్రతి వరసకీ కొత్త స్ట్రింగుగా దాచకు, ఒక్కసారి దాచి అదే వాడుకో. బరంపురంలో నా దగ్గర నేర్చుకునే పిల్లలూ ముందు లిస్టులో పోగేసే రాస్తారు. క్లాసులో ఇచ్చేది ఇరవై వరసల ఫైలు, అందులో ఈ నొప్పి తెలియదు. అందుకే నేను మొదటి నెలలోనే పెద్ద ఫైలు ఇస్తాను.

‘-ఎక్స్‌ఎంఎక్స్2జీ’ అని హీప్ పెంచితే ఈ సీజను గట్టెక్కుతావేమో, ఫైలు పెరిగితే మళ్లీ ఇదే కథ. ముందు లిస్టు తీసేసి నడుపు, ఆ లాగ్ నాకు పంపు.