గైడ్ ‘అకడమిక్‌గా రాయి’ అంటే ఏం రాయమని?

పీహెచ్‌డీ మొదటి అధ్యాయం చూపిస్తే మీ గైడ్ ‘ఇది ఆదివారం అనుబంధంలో వ్యాసంలా ఉంది’ అన్నారని, ఆ పరిశోధన శైలి ఎలా పట్టుబడుతుందని అడిగారు. వరినాట్ల పాటల మీద ఎం.ఫిల్. చేసేటప్పుడు నేనూ ఇదే మాట పడ్డాను. బరువైన మాటలు కావాలేమో అనుకుని ‘బడు’ని కుమ్మరించాను. ‘పాటలు సేకరించబడినవి, వర్గీకరించబడినవి, విశ్లేషించబడినవి.’ మా గైడ్ మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాసి పంపారు: ‘ఎవరమ్మా చేసింది?’

నిజమే. పాటలు సేకరించింది నేను, మోకాటి లోతు బురదలో నిలబడి. ‘శ్రామిక గేయాలు’ అన్న విభాగం మాత్రం నాది కాదు, జానపద సాహిత్య పరిశోధకులు బిరుదురాజు రామరాజు గారి తరం నుంచి వస్తున్నదే. నా వాక్యాల్లో ఈ తేడా ఎక్కడా కనిపించలేదు. అందుకే ఆ పేజీలో ఏ గొంతూ లేదు.

అప్పటి నుంచి డ్రాఫ్ట్ ప్రింట్ తీసి రంగు పెన్సిళ్లతో కూర్చునేదాన్ని. నా మాటకు ఒక రంగు, ఇతరుల మాటకు ఇంకో రంగు. పేజీ మొత్తం రెండో రంగే ఉంటే అక్కడ నేను లేనట్టు. ఇతరుల మాట దగ్గర కూడా అన్నింటికీ ‘అన్నారు’ సరిపోదు. ఆధారం చూపిస్తే ‘నిరూపించారు’, చూపకపోతే ‘ఊహించారు’, ఒకరితో విభేదిస్తే ‘వాదించారు’. ఆ క్రియ ఎంచుకోవడంలోనే మీ అంచనా బయటపడుతుంది.

ఇంకో జబ్బు ‘అనడంలో అతిశయోక్తి లేదు’. నాట్ల పాటల నిండా అత్తింటి ఆరళ్లే అనడంలో అతిశయోక్తి లేదని రాశాను. గైడ్ లెక్కపెట్టమన్నారు. లెక్కపెడితే మూడో వంతు కూడా లేవు! అతిశయోక్తే. ‘నిస్సందేహంగా’, ‘నిర్వివాదాంశం’ వచ్చిన చోటల్లా ఒకసారి ఆగి చూడండి, ఆధారం లేని చోటే అవి ఎక్కువగా మొలుస్తాయి.

‘నేను’ అనొచ్చా, ‘పరిశోధకురాలు’ అనాలా అన్నది మీ డిపార్ట్‌మెంట్ అలవాటును బట్టి ఉంటుంది, దాని కోసం టెన్షన్ పడకండి. 2018 యూజీసీ నిబంధనల్లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే చిక్కే కాబట్టి కొందరు ఇతరుల వాక్యాల్లో మాటలు మార్చి పెడుతుంటారు. దానికన్నా కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఎవరిదో చెప్పేసి, కింద మీరేమంటారో రెండు వాక్యాలు రాయడం మేలు.

భారతీయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దొరికే శోధ్‌గంగలో మీ అంశానికి దగ్గరి థీసిస్‌లు నాలుగైదు చదవండి. ‘సాహిత్యం సమాజానికి దర్పణం’ అని మొదలైనవి ఎన్ని తగులుతాయో చూస్తే మీకే నవ్వొస్తుంది. నాదీ అలాగే మొదలైందిలెండి, మూడో డ్రాఫ్ట్ దాకా.