ఎండాకాలం వస్తే చాలు సెగ్గడ్డలు... ఏం చేయాలి?

పిరుదుల మీద, తొడల మీద ఏటా గడ్డలు లేస్తున్నాయి, వేడి తగ్గడానికి ఏం తినాలని అడిగారు. సబ్జా నీళ్లు తాగండి, దాహం తీరుతుంది. గడ్డలు మాత్రం ఆగవు. పాపం, మామిడిపండు తప్పేమీ లేదు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా వెంట్రుక కుదుట్లోకి దిగితే గడ్డ లేస్తుంది. చెమట, బిగుతు ప్యాంటు ఒరిపిడి దానికి దారి చేస్తాయి. దాదాపు ముగ్గురిలో ఒకరికి ఆ బాక్టీరియా ముక్కుపుటాల్లోనే కాపురం ఉంటుంది. ముక్కులో పెట్టుకున్న వేలితోనే తొడ గోక్కుంటే ఇక చెప్పేదేముంది!

లేచిన గడ్డకు కాపడం పెట్టండి. ఓర్చుకోగలిగిన వేడినీళ్లలో శుభ్రమైన గుడ్డ ముంచి, రోజుకు మూడు నాలుగుసార్లు, 10-15 నిమిషాలు. పిండొద్దు, సూదితో పొడవొద్దు. చీము లోలోపలికి పాకుతుంది. పండినా పగలకపోతే డాక్టరు కోసి తీయాలి, ఆ చీమును కల్చర్ పరీక్షకు (అందులో ఏ బాక్టీరియా ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసేది) పంపమనండి. సున్నం, పసుపు పట్టు వేస్తే చర్మం కాలుతుంది. మెడికల్ షాపువాళ్లు చేతిలో పెట్టే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను ఈ బాక్టీరియా చాలావరకు విరగ్గొట్టేస్తుంది. స్టెరాయిడ్ కలిసిన క్రీము మరీ ఘోరం, పైన ఎరుపు తగ్గుతుంది, లోపల రోగం ముదురుతుంది.

అసలు పని గడ్డలు మానాక మొదలవుతుంది. ముక్కులో కాపురమున్న బాక్టీరియాను వదిలించడానికి, డాక్టరుతో రాయించుకుని 2 శాతం ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ అగ్గిపుల్ల తలంత తీసుకుని రెండు ముక్కుపుటాల్లో రోజుకు రెండుసార్లు, 5 రోజులు రాయాలి. ఆ 5 రోజులూ 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రావణంతో స్నానం. చంకలు, గజ్జలు, పిరుదుల దగ్గర రెండు మూడు నిమిషాలు ఉంచి కడగాలి, కళ్లలో, చెవుల్లో పడనివ్వకూడదు. ఇంట్లో ఇంకెవరికైనా గడ్డలుంటే వాళ్లూ అప్పుడే చేయాలి, లేకపోతే మళ్లీ మీకే అంటుతుంది. ఇంటిల్లిపాదీ ఒకే తువ్వాలుతో తుడుచుకునే అలవాటుంటే ఎన్ని మందులు రాసినా దండగే. తువ్వాళ్లు, దుప్పట్లు, లోదుస్తులు బాగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. రేజరు ఎవరిది వారికే.

షుగరు పరీక్ష తప్పనిసరి. షుగరుందని మొదట ఈ గడ్డల వల్లే తెలిసినవాళ్లు ఉన్నారు. జ్వరం వచ్చినా, ముక్కు మీదో పైపెదవి మీదో గడ్డ లేచినా కాపడంతో కాలయాపన చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. చంకల్లో, గజ్జల్లో మాత్రమే వచ్చి, మచ్చలు కట్టి, లోపల సొరంగాల్లా కలిసిపోతుంటే అది హైడ్రాడినైటిస్ అనే వేరే చర్మరోగం కావచ్చు. దానికి వైద్యం వేరు, చర్మవైద్యుడికే చూపించాలి.