గోడ్, ఈటెడ్ అంటే కంగారు పడకండి, నిన్న ఏం జరిగిందో అడగండి

ప్రశ్న అడిగిన తల్లి బాధ ఇది: నాలుగో తరగతి పాప ‘ఐ వెంట్’, ‘ఐ ఏట్’ అనాల్సిన చోట ‘ఐ గోడ్’, ‘ఐ ఈటెడ్’ అంటోంది. గో, వెంట్, గాన్ అంటూ సాగే వీ1, వీ2, వీ3 టేబుల్ రోజూ చదివిస్తే గడగడా అప్పజెబుతుంది, మాట్లాడేటప్పుడు మాత్రం మళ్లీ గోడ్ దగ్గరికే వస్తుంది. ఏం చేయాలి?

నేను నల్గొండ జిల్లా హాలియా వైపు సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్తాను. నన్నడిగితే ఆ టేబుల్‌ని ముందు అటక మీద పడేయండి.

అసలా టేబుల్‌ని ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? బస్టాండులో అమ్మే గ్రామర్ పుస్తకాల వెనక ఉండేదీ, ప్రైవేటు స్కూళ్ల డైరీల్లో అచ్చేసేదీ ఒకటే సరుకు. ఏ, బీ, సీ వరసలో ఉంటుంది కాబట్టి ఎబైడ్, ఎరైజ్, ఎవేక్‌తో మొదలవుతుంది. ఎబైడ్ అనే మాట ఇన్నేళ్ల సర్వీసులో నేను ఎవరి నోటా వినలేదు. నాలుగో తరగతి పిల్ల దాన్నేం చేసుకుంటుంది? గో, సీ, టేక్ దగ్గరికి వచ్చేసరికి పిల్లకి నిద్ర ముంచుకొస్తుంది. ఇంగ్లీషులో ఇలా పాస్ట్ టెన్స్‌కి ‘ఎడ్’ తగిలించమంటే మాట వినని వెర్బులు రెండు వందల దాకా ఉన్నాయి. అయితే జనం అన్నిటికంటే ఎక్కువ వాడే పది, అంటే బీ, హావ్, డూ, సే, మేక్, గో, టేక్, కమ్, సీ, గెట్, పదికి పదీ ఆ బాపతే. రోజూ నోట్లో నలుగుతున్నాయి కాబట్టే మారకుండా నిలిచాయి. వాడకం తగ్గినవి చాలావరకు ‘ఎడ్’ దారికి వచ్చేశాయి. హెల్ప్‌కి కూడా ఒకప్పుడు హోల్ప్ అనే పాస్ట్ టెన్స్ ఉండేది. కాబట్టి ఇవి వాడితేనే వస్తాయి, వల్లె వేస్తే రావు.

ఒక వానాకాలం నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు. ఎడమ కాల్వ కింద బతికే మా ఊళ్లకి అంతకంటే పండగ లేదు. 26 గేట్లూ లేచాయని తెలిస్తే చాలు, ఆటోలు, ట్రాక్టర్లు, ఒక్కో బైకు మీద నలుగురు. మర్నాడు బడిలో సగం నిద్రమొహాలే. ఐదో తరగతిలో ఒక పిల్లగాడు ఉండేవాడు, ఇంగ్లీషు పీరియడ్ మొత్తం కిటికీలోంచి బయటికే చూసేవాడు. ఆ రోజు నేను చాక్‌పీసు పట్టుకోకముందే లేచి “సార్, నేను చెప్త” అన్నాడు. “ఇంగ్లీషుల చెప్తవారా?” అంటే తలూపాడు.

“యెస్టర్‌డే వుయ్ గోడ్ సాగర్ సార్. వాటర్ కమ్‌డ్ బిగ్ బిగ్. మై తాత బయ్‌డ్ ఫిష్. వుయ్ ఈటెడ్. తాత షర్ట్ ఫుల్ వెట్.”

క్లాసు గొల్లుమంది. నేను నవ్వలేదు, తప్పని కూడా అనలేదు. “ఓహో, యూ వెంట్ టు సాగర్! హూ వెంట్ విత్ యూ?” అన్నాను. “మై తాత వెంట్, చెల్లె వెంట్, బాబాయ్ నాట్ వెంట్” అన్నాడు. “బాబాయ్ డిడ్‌న్ట్ గో? వై?” అంటే “బండి మీద జాగ లేకుండె సార్” అని తెలుగులోకి జారాడు. జారనీ. “తాత బాట్ ఫిష్? హౌ మెనీ?” అన్నాక ఇక వాడు ఆగలేదు. “తాత బాట్ టూ ఫిష్ సార్. వన్ ఫిష్ చెల్లె ఈటెడ్... ఏట్ సార్, ఏట్. ఫుల్ ఏట్!” ఆ ‘ఏట్’ నేను అందివ్వలేదు, వాడే దిద్దుకున్నాడు. అంతలో వెనక బెంచీ నుంచి ఒక పిల్ల “సార్, వాడు అబద్ధం, ముల్లు గొంతుల ఇరికి ఆ పిల్ల క్రై క్రై” అని లేచింది. ఇక ఆ గంట పాఠం పుస్తకం తెరవలేదు. వాళ్లు వాడిన వెర్బులే బోర్డు మీద పెట్టాను: వెంట్, కేమ్, బాట్, ఏట్, సా, గాట్. అవి వాళ్ల నోళ్లలో ఉండిపోయాయి.

ఇంకో సంగతి. గోడ్ అనడం తెలివిలేక కాదు. ఇంగ్లీషు ఇంటి భాషగా పెరిగే పిల్లలు కూడా ముందు విన్నది విన్నట్టు వెంట్ అంటారు, ‘ఎడ్’ రూలు బుర్రకెక్కాక గోడ్ అంటారు, తర్వాత మళ్లీ వెంట్‌కి వస్తారు. 1958లో జీన్ బెర్కో అనే భాషా పరిశోధకురాలు లేని మాటలు పుట్టించి చిన్నపిల్లల్ని అడిగితే, ఎన్నడూ వినని వెర్బులకి కూడా వాళ్లు ‘ఎడ్’ తగిలించారు. మన పిల్లల్నే చూడండి. రా అంటారు, వస్తా అంటారు, రాలేదు అంటారు. మూడేళ్ల పిల్లకి ఆ టేబుల్ ఎవరు రాసిచ్చారు?

కానీ ఇది ఎవరికి చెప్పాలి? తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే స్కూళ్లలో పిల్లలకి ఇంగ్లీషు రాదు, నోరు మూసుకోవడం వస్తుంది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్లలో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలిచ్చారు. మంచిదే. అయినా తల్లిదండ్రులు వచ్చి నోటుబుక్కులో వీ1, వీ2, వీ3 గళ్లు కనపడితేనే సారు చెప్తున్నాడని నమ్ముతారు.

పరీక్షలో టేబుల్ అడుగుతారు కదా అంటారా? అడుగుతారు. రెండు రోజుల ముందు చూపిస్తే రాసేస్తుంది. చూపించేటప్పుడు ఏ, బీ, సీ వరస వద్దు, జతలు కట్టండి: సింగ్-స్యాంగ్, రింగ్-ర్యాంగ్, డ్రింక్-డ్రాంక్ ఒక జట్టు. బాట్, బ్రాట్, థాట్, కాట్ ఇంకోటి. కట్, పుట్, హిట్, షట్‌లకి మార్పే లేదు, పిల్లలకి అవంటే మహా ఇష్టం. రీడ్ స్పెల్లింగు మారదు, పలకడం ‘రెడ్’ అని.

ఇక అసలు తలనొప్పి డిడ్. “డిడ్ యూ వెంట్?” అనే పెద్దవాళ్లు ఎంతమంది లేరు! డిడ్ వచ్చిందంటే వెనక వెర్బు మామూలుగానే ఉండాలి, యెస్ అని చెప్పే జవాబులోనే మారాలి. రాత్రి అన్నం దగ్గర రోజూ ఒకటి అడగండి. డిడ్ యూ డ్రింక్ మిల్క్? యెస్, ఐ డ్రాంక్. అబద్ధం చెప్పినా పర్వాలేదు, పాస్ట్ టెన్స్‌లో చెప్తే చాలు.