బోరునీళ్ల ప్రాజెక్టుకు గైడు ఎంతవరకు కల్పించుకోవాలి?

ప్రశ్న: నల్గొండ జిల్లాలో డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్‌ని. రెండో ఏడాది అమ్మాయి ఒకరు బోరునీళ్లలో ఫ్లోరైడ్ మీద సొంతంగా ప్రాజెక్టు చేస్తానంటోంది. గైడుగా నేనెంత కల్పించుకోవాలండీ?

జవాబు: అంశాన్ని కుదించే దగ్గర గట్టిగానే కల్పించుకోండి. ‘మా మండలంలో ఫ్లోరైడ్’ అంటే ఎప్పటికీ తెమలదు. ఒక ఊరు, పది బోర్లు, వానలకు ముందోసారి, తర్వాతోసారి చాలు.

కొలతల్లో మాత్రం చెయ్యి పెట్టకండి, ఒక్క షరతు మీద: మీరే ఒక ద్రావణం కలిపి, విలువ చెప్పకుండా ఇవ్వండి. దాన్ని సరిగ్గా తేల్చేదాకా ఊరి నీళ్లు ముట్టనివ్వద్దు. ఎక్కువగా తప్పేది టిసాబ్ బఫర్ (ఫ్లోరైడ్ కొలిచే ముందు నీళ్లలో కలిపే ద్రావణం) దగ్గరే. నమూనాకీ, స్టాండర్డ్‌కీ (ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం) ఒకే పాళ్లలో, మామూలుగా సగానికి సగం, కలపాలి. లేదంటే నీళ్లలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయి, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ తక్కువ చూపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 1, 10 మిల్లీగ్రాముల స్టాండర్డ్‌ల మధ్య తేడా 54-60 మిల్లీవోల్టులు రాకపోతే ఆ రోజు రీడింగులు పక్కన పెట్టించండి. నమూనాలకు ప్లాస్టిక్ సీసాలే, గాజు వద్దు.

వారానికో అరగంట నోటుబుక్కు చూడండి. కొట్టేసిన అంకెలూ కనబడాలి. మరీ నీటుగా ఉన్న నోటుబుక్కునే అనుమానించాలి! ఏ బోరులోనైనా ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు (తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన గరిష్ఠ పరిమితి) దాటితే, మళ్లీ నమూనా తెచ్చి కొలిచాకే ఊళ్లో చెప్పమనండి.