గడువు లేని శిక్షపై ఇన్నేళ్లకు అప్పీలు చేయొచ్చా?

ప్రశ్న: మా అక్క కొడుకు ఇంగ్లండ్‌లోనే పుట్టి పెరిగాడు. 2006లో, 19 ఏళ్ల వయసులో, దోపిడీ కేసులో ఐపీపీ శిక్ష పడింది (ప్రజల రక్షణ కోసమంటూ వేసే గడువు లేని జైలుశిక్ష; కనీస కాలం అయ్యాక పెరోల్ బోర్డు ఒప్పుకుంటేనే విడుదల). కనీసం 2 ఏళ్లు అన్నారు. మధ్యలో ఒకసారి వదిలి మళ్లీ పట్టుకెళ్లారు, ఇంకా లోపలే ఉన్నాడు. ‘ఎప్పుడొస్తాడే’ అని అక్క అడిగితే చెప్పడానికి నా దగ్గర తేదీ లేదు. ఇప్పుడు అప్పీలు కుదురుతుందా?

జవాబు: కుదురుతుందమ్మా. శిక్ష పడ్డ 28 రోజుల్లో వేయాల్సింది నిజమే, కానీ ఆలస్యానికి కారణం చెప్పి గడువు పెంచమని అప్పీలు కోర్టును అడగొచ్చు. అలా ఏళ్ల తర్వాత వెళ్లిన కొందరి ఐపీపీ శిక్షలను ఈమధ్య ఆ కోర్టు కొట్టేసి మామూలు శిక్షలుగా మార్చింది కూడా.

అయితే ‘రెండేళ్లన్నారు, ఇన్నేళ్లుంచారు’ అన్న మాటొక్కటే అక్కడ నిలబడదు. మీ కడుపుమంటంతా అదేనని తెలుసు, కానీ కోర్టు చూసేది ఆరోజు జడ్జి వేసిన శిక్ష సరైనదా కాదా అనే. 2005 ఏప్రిల్ నుంచి 2008 జులై దాకా చట్టంలో ఒక ఘోరమైన నిబంధన ఉండేది: చట్టం జాబితాలో ఉన్న హింసా, లైంగిక నేరాల్లో దేనికైనా ఇదివరకే శిక్షపడి ఉంటే, అది అసమంజసమని తోస్తే తప్ప, ఆ మనిషిని ప్రమాదకారిగానే భావించాలి. మీవాడిమీద అప్పటికే ఏదైనా కొట్లాట కేసుందా? ఉంటే జడ్జి ఆ ఊహ మీదే నడిచారా, పందొమ్మిదేళ్ల కుర్రాడి తెలిసీతెలియనితనాన్ని లెక్కలోకి తీసుకున్నారా అన్నది వెతకాలి. అంత పాత కోర్టు రికార్డింగు దొరక్కపోవచ్చు, అందుకని అతని పెరోల్ ఫైలు తెప్పించండి, జడ్జి మాటల ప్రతి, శిక్షకు ముందు ప్రొబేషన్ వాళ్లు రాసిన రిపోర్టు సాధారణంగా అందులో ఉంటాయి. వాటిని క్రిమినల్ అప్పీళ్లు చూసే కొత్త లాయరుకు చూపించండి, ఈ సలహాకు లీగల్ ఎయిడ్ ఉంటుంది. అప్పీలు వేసినందుకు శిక్ష పెంచుతారేమో అన్న భయం వద్దు, అంతకన్నా కఠినమైన శిక్ష వేసే అధికారం ఆ కోర్టుకు లేదు.

ఈ శిక్షను 2012లోనే రద్దు చేశారు, అప్పటికే పడ్డవాళ్లకు మాత్రం వర్తింపజేయలేదు. అది అన్యాయం, మరో మాట లేదు. 2024 చట్టం కొంత ఊరటనిచ్చింది: మొదటిసారి విడుదలైన 3 ఏళ్లకు లైసెన్సును, అంటే బయట ఉన్నప్పుడు పాటించాల్సిన షరతులను, ఎత్తేయొచ్చా అని పెరోల్ బోర్డు పరిశీలిస్తుంది, అప్పుడు ఎత్తేయకపోయినా, ఆ తర్వాత వరసగా 2 ఏళ్లు రీకాల్ (మళ్లీ జైలుకు పిలవడం) లేకుండా బయట ఉంటే దానంతటదే ముగుస్తుంది. ఆ 2 ఏళ్ల లెక్క బయటకొస్తేనే నడుస్తుంది కాబట్టి, అప్పీలు నడుస్తున్నా పెరోల్ విచారణను వదలొద్దు, రెండూ పక్కపక్కనే నడిపించండి.